కడగని రీళ్లు

ఆగస్టు 4, సోమవారం

కోడుమూరు నుంచి ఫోన్. శివలీలను, చీరలు నేసే వీరభద్ర కూతుర్ని అంది. గుర్తుకు రాలేదు. గుంట మగ్గం, 2009, వరదకు ముందు అని ఆమె ఒక్కొక్కటీ చెబుతూ పోతే అప్పుడు గుర్తొచ్చింది.

వీరభద్ర చీర అంచులో ఒక బొమ్మ నేసేవాడు. ఆ బొమ్మ కాగితం మీద ఎక్కడా లేదు. మగ్గం పైన కట్టిన దారాల వరసలో ఉండేది. ఏ దారం ఎప్పుడు లాగాలో ఆయన చేతికి తెలుసు. ఒక రోజంతా కూర్చుని మూడు రీళ్లు ఫొటోలు తీశాను. ఆదివారం పేజీకి రాస్తానని చెప్పి వచ్చాను. మూడు వారాలకు వరద వచ్చింది.

ఆ తర్వాతి సంగతి ఆమె చెప్పింది. గుంటలోకి నీళ్లు వచ్చి మగ్గం పది రోజులు మునిగే ఉందట. పైన కట్టిన దారాలు కుళ్లిపోయాయి. ఆయన ఆ అంచు మళ్లీ నేయలేదు. నేసిన చీరలన్నీ అమ్ముడుపోయినవే, ఇంట్లో ఒక్కటీ లేదు. నాలుగేళ్ల కింద ఆయన పోయాడు.

"నాయన అంచు ఇప్పుడు మీ కాడ ఒక్కచోటే ఉండాది సార్. ఆ ఫొటోలు ఉండాయా?"

ఉన్నాయన్నాను. చూడకుండానే అన్నాను.

ఆగస్టు 5

ఉన్నాయి. బీరువా కింది అరలో, పాత ప్రెస్ కార్డుల డబ్బాలో. కడపకు బదిలీ అయినప్పుడు ఆ డబ్బా నాతో వచ్చింది. తిరిగొచ్చి కల్లూరులో ఇల్లు కట్టుకున్నప్పుడు మళ్లీ వచ్చింది. పదహారేళ్లలో మూత తీసిన జ్ఞాపకం లేదు. మూడు రీళ్ల మీద కో–1, కో–2, కో–3 అని నా రాత. ఒక్కటీ కడిగించి ఫొటోలు వేయించలేదు. నాలుగోది కూడా ఉంది, ‘మున్సి’ అని. మున్సిపాలిటీ పని ఏదో, అదే వారం తీసింది. కడిగించాల్సినంత విషయం కాదు.

అప్పటి నోటుపుస్తకం దొరికింది. వీరభద్ర గురించి రెండు పేజీలు. మగ్గం వయసు ముప్పై ఒకటి. గుంట లోతు రెండున్నర అడుగులు. చీరకు పన్నెండు రోజులు. వీధిలో మగ్గాలు నలభై, ఆడుతున్నవి ఇరవై ఆరు. అంచు దగ్గర ఒకే మాట రాసుకున్నాను: ‘అద్భుతం’.

కొత్తగా వచ్చే విలేకరులకు ఆ మాట రాయొద్దని ఇరవై ఎనిమిదేళ్లుగా చెబుతున్నాను.

ఆగస్టు 7

ఏసుకుమార్‌తో మాట్లాడాను. కర్నూలులో స్టూడియో మూసేసి బెంగళూరు చేరి, ఇప్పటికీ చేత్తో రీళ్లు కడుగుతున్న మనిషి నాకు తెలిసి అతనొక్కడే. పదహారేళ్ల రీలు వస్తుందా అని అడిగాను. మన ఎండలకు కొంత మసకబారుతుంది, అయినా బొమ్మ వస్తుంది, ఇరవై ఏళ్లవి కూడా కడిగానన్నాడు. పద్నాలుగున ఎలాగూ బెంగళూరు వస్తున్నాను, విమానంలో, అని చెప్పాను.

రాసుకోమన్నాడు. రాసుకున్నాను. కడగని రీలుకు ఎక్స్‌రే పడదు. లోపలిది కనిపించే కవర్లో వేసి చేతిలో పట్టుకోవాలి. మిషన్ దగ్గర, ఇవి కడగని రీళ్లు, చేత్తో చూడండి అని అడగాలి. వాళ్లు ఒప్పుకోకపోయినా, చేతి సంచుల మిషన్లో ఒక్కసారి పోతే బతికి బయటపడవచ్చు. కౌంటర్లో అప్పగించే పెట్టెలో మాత్రం వేయకూడదు. ఆ పెట్టెలు పోయే మిషన్ బలం వేరు.

సీసపు రేకులో చుడితే ఎలా ఉంటుందని అడిగాను. లోపల ఏముందో కనపడక ఇంకా గట్టిగా చూస్తారన్నాడు.

"నోరుండాది కదా గోపన్నా, అడుగు. అడగడమే కదప్పా నీ పని."

ఆగస్టు 10, ఆదివారం

కోడుమూరు వెళ్లాను. శివలీలకు ముప్పై నాలుగేళ్లు. తండ్రి గుంటలోనే మగ్గం మళ్లీ బిగించుకుని నేస్తోంది. సాదా అంచు. ఆయన బొమ్మను ఒక్క చీరకైనా ఎక్కించాలని ఆమె ఆశ. ఫొటో దగ్గరగా, స్పష్టంగా ఉంటే పోగులు లెక్కపెట్టి పైదారాలు కట్టుకోగలనంది. రెండో రీలు మొత్తం అంచు మీదే తీశానని చెప్పాను. అది నిజం.

తల్లి చౌడమ్మకు డెబ్బై రెండు. చూపు ఆనదు. గోడ పట్టుకుని నడుస్తుంది. ఆమెకు అంచుతో పని లేదు. వాళ్లింట్లో వీరభద్ర ముఖం ఆధార్ కార్డు మీద తప్ప ఎక్కడా లేదు.

"పోలీసోళ్లు పట్టుకొచ్చి నిలబెట్టినట్ల ఉండాడప్పా దాంట్లో," అంది. "మగ్గం మీద కూసుంటే ఆ మనిషే వేరు. నువ్వు తీస్తాంటే నేను చూస్తి. నాకు కనపడకపోయినా చేతికియ్యి, చాలు."

ఉగ్గాని పెట్టారు, మిరపకాయ బజ్జీలతో. పదహారేళ్లు ఎందుకు కడిగించలేదని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. అడిగితే వరద అని చెబుదామని జవాబు సిద్ధం చేసుకుని వెళ్లాను.

ఆగస్టు 12

టికెట్ వచ్చింది. పదహారున సన్మానం. బెంగళూరులో తెలుగు విలేకరుల సంఘం ఒకటి ఉంది, వాళ్లది.

మే నెలలో రాసిన వార్తకు. కర్నూలు ఎయిర్‌పోర్టులో ఒక నాయకుడు తన సంచి మిషన్లో పెట్టనన్నాడు. సెక్యూరిటీలో ఉన్న శివజ్యోతి అనే ఉద్యోగిని పెట్టాల్సిందేనంది. నలభై నిమిషాలు నిలబడి చివరికి పెట్టాడు. ‘మీ సంచీ మా సంచీ ఒకటే’ అని శీర్షిక. ఆ మాట ఆమెదే, నేను మార్చలేదు. వారం రోజులు జిల్లా అంతా ఆ నాయకుణ్ని చూసి నవ్వింది.

మహాదేవి రీళ్లకు ఒక కవరు వెతికి ఇచ్చింది. జిప్పు ఉంది, లోపలిది కనపడుతుంది. మా పెళ్లయిన కొత్తలో ఆమె ఫొటోలు తీసిన రీలు కూడా ఇలాగే ఏ డబ్బాలోనో ఉంటుంది, అదీ పట్టుకుపొమ్మంది. నిజంగానే ఉండొచ్చు.

ఆగస్టు 14, గురువారం

విమానం వేళకే బయలుదేరింది. ఎయిర్‌పోర్టులో శివజ్యోతి కనపడి పలకరించింది. చేతి సంచి బరువనిపించి కౌంటర్ దగ్గర కొన్ని వస్తువులు పెట్టెలోకి మార్చాను. సాయంత్రం రీళ్లు ఏసుకుమార్‌కు అప్పగించాను.

ఆగస్టు 15

వాన. ఎక్కడికీ వెళ్లలేదు.

ఆగస్టు 16

సన్మానం జరిగింది. శాలువా, జ్ఞాపిక. మాట్లాడమంటే, నియమం ముందు అందరూ ఒకటేనని మూడు నిమిషాలు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు.

ఆగస్టు 20, బుధవారం

ఏసుకుమార్ ఫోన్ చేశాడు. మూడు రీళ్లూ కడిగాడు. మూడూ పోయాయి.

వయసుకు వచ్చే మసక రీలంతా సమానంగా ఉంటుందట. ఇందులో అలలు ఉన్నాయి, ఈ కొస నుంచి ఆ కొస దాకా వరుసగా పట్టీలు. వాటి మధ్య అక్కడొక గీత, ఇక్కడొక నీడ తప్ప ఏమీ మిగలలేదు.

"ఎట్ల తెచ్చినావు?" అన్నాడు.

చేతిలోనే తెచ్చానన్నాను.

అయితే వయసే అయ్యుంటుందిలే అని పెట్టేశాడు.

ఆగస్టు 21

శివలీలకు ఫోన్ చేసి చెప్పాను. పాతబడి, తేమ పట్టి, రీళ్లు పాడైపోయాయన్నాను. కడపలో రెండు వేసవులు, ఇక్కడ పద్నాలుగు అని లెక్క కూడా చెప్పాను. లెక్క సరైనదే.

వెనక నుంచి చౌడమ్మ ఏమైందని అడుగుతోంది. తేమంటమ్మా అని శివలీల చెప్పింది. నీళ్లేనా, మగ్గాన్ని తిన్న నీళ్లే దాన్నీ తినిండాయి అని ముసలామె అనడం వినపడింది. డబ్బాకు నీళ్లు తగల్లేదు. ఆ మాట నేను దిద్దలేదు.

"పోనీలే సార్, మీరు శానా కష్టపడితిరి," అంది శివలీల.

ఆగస్టు 22

వయసే అయ్యుండొచ్చు.

ఆగస్టు 23

ఎండలకు ఏవైనా పాడవుతాయి. మొన్న మందుల షాపతను కూడా అదే చెప్పాడు.

ఆగస్టు 25, సోమవారం

మహాదేవి పెట్టె సర్దుతూ అడుగు నుంచి జిప్పు కవరు తీసింది. ఖాళీది.

"చేతిలో పట్టుకొని పోతానంటివి కదా. ఇది పెట్టెలోకి యాడ నుంచి వచ్చె?"

వచ్చేటప్పుడు వేశానన్నాను. ఆమె కవరు మడిచి అల్మరాలో పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇంకేమీ అడగలేదు. ముప్పై ఏళ్లుగా నేను వార్తలు ఎలా రాబడతానో చూస్తున్న మనిషి. ఎక్కడ ఆపాలో తెలుసు.

పద్నాలుగో తేదీ నాటిది సరిగ్గా రాస్తాను.

కౌంటర్ దగ్గర కవరు నా చేతిలోనే ఉంది. నా ముందు ఐదుగురు, వెనక ఆరేడుగురు. శివజ్యోతి డ్యూటీ ఎక్కడానికి లోపలికి పోతూ నన్ను చూసి ఆగింది. మీ పేపర్లో పడిన ముక్క మా అమ్మ ఫ్రేము కట్టించింది సార్ అని గట్టిగా చెప్పింది. వరుసలో వాళ్లు తిరిగి చూశారు. ఒకాయన మీరేనా అది రాసింది అని చెయ్యి కలిపాడు. ఆమె లోపలికి వెళ్లి మిషన్ దగ్గర నిలబడింది.

ఇంకో పావుగంటలో, అదే మనుషుల ముందు, అదే ఆమెను, దీన్ని మిషన్లో పెట్టొద్దు అని అడగాలి.

నా వంతు వచ్చింది. పెట్టె ఉందా అని కౌంటర్‌లో అడిగారు. ఉంది, ఒక్క నిమిషమని చెప్పి, తెరిచి, కవరును చొక్కాల మధ్యలో పెట్టి మూసి ఇచ్చాను. ఏసుకుమార్ చెప్పింది అక్షరం మరిచిపోలేదు. పెట్టెలో మాత్రం వేయొద్దన్న వాక్యం వేస్తున్నప్పుడు కూడా గుర్తుంది. ఒక్కసారికి ఏమవుతుందిలే అని కూడా అనుకోలేదు. చేతిలో లేకుండా పోయిందని ఊపిరి తీసుకున్నాను, అంతే.

చేతి సంచి బరువు కాదు. అందులో ఒక తువ్వాలు, ఒక పుస్తకం ఉన్నాయి.

ఏ మిషనూ లేని బస్సులో పోయినా బెంగళూరుకు ఏడు గంటలే. ఆ సంగతి కూడా తెలుసు.

ఆగస్టు 26

వయసు కాదని నిర్ధారణ అయిందా? కాలేదు. ఒక పక్క మాట మాత్రమే ఉంది, ఏసుకుమార్‌ది. ‘మున్సి’ రీలు అదే కొట్టులో కొన్నది, అదే వారం తీసింది, అదే డబ్బాలో పడి ఉంది. విమానం మాత్రం ఎక్కలేదు. అదీ పాడైతే తప్పు ఎండలది.

ఆగస్టు 29, శుక్రవారం

పొద్దుటి బస్సుకు బెంగళూరు. రీలు చొక్కా జేబులో. దారి పొడుగునా అది పాడై ఉండాలని కోరుకున్నాను. ఒక నిజం తేల్చడానికి పోతూ, ఫలానా విధంగా తేలితే బాగుండునని కోరుకోవడం ఈ వృత్తిలో ఇదే మొదలు.

ఆగస్టు 30

బాగా వచ్చింది. అంచుల్లో కొంచెం మసక, అంతే. రోడ్డు రోలర్‌కు దండ వేసి కొబ్బరికాయ కొడుతున్న కౌన్సిలర్, ముప్పై ఆరు ఫొటోలు. పక్కనున్న శిలాఫలకం మీద అక్షరాలు చదవొచ్చు. పన్నెండు పేర్లు ఉన్నాయి. పన్నెండూ చదివాను.

ఏసుకుమార్‌కు చెప్పేశాను.

"తెలుసులే గోపన్నా. అలలు చూసినప్పుడే తెలుసు. నీ నోటితో చెప్తావని చూస్తాంటి."

లైట్ టేబుల్ ముందు నన్ను కూర్చోబెట్టి మూడు రీళ్ల ముక్కలూ పరిచాడు. ఒక్కొక్కటీ చూశాను. కో–2లో ఒకచోట అంచు పోగులు కనపడి, వేలెడు దూరంలో పట్టీ కింద కలిసిపోయాయి. కో–1లో ఒక ముక్క దగ్గర వెలుగు తేడా ఉంటే మనిషేమో అనిపించింది. కాదు. ముక్కలన్నీ కవర్లలో వేసి ఇచ్చాడు. కూలి తీసుకోలేదు.

సెప్టెంబరు 1

శివజ్యోతికి ఫోన్ చేశాను. ఒక వార్త కోసమని చెప్పాను. అదీ అబద్ధమే. కడగని కెమెరా రీళ్లు ఎవరైనా తెస్తే ఏం చేస్తారని అడిగాను.

"అడిగితే చేత్తో చూసి పంపిస్తాం సార్. రెండు నిమిషాలు."

మిషన్లో పెట్టొద్దనడం ఆ నాయకుడు అడిగినట్టే కదా అన్నాను.

"ఆయన అడిగింది సంచి తెరవకుండా పంపమని. రీళ్లాయన అడిగేది తెరిచి చూడమని. రెండూ ఒకటి ఎట్లయితాయి సార్?" నవ్వింది. "మీరే అట్ల అడిగితే ఎట్ల? అంత బాగా రాస్తిరి."

సెప్టెంబరు 3

కోడుమూరు వెళ్లాలి. ఈ వారం ఆఫీసు పని ఉంది.

సెప్టెంబరు 4

ఆఫీసు పని పెద్దగా లేదు.

సెప్టెంబరు 7, ఆదివారం

చౌడమ్మ వీధి అరుగు మీద నూలు కండెలు చుడుతోంది. చూపుతో పని లేకుండా చేయగలిగింది అదొక్కటే మిగిలిందని నవ్వుతూ చెప్పింది. పాడైన రీళ్లు తెచ్చానని చెప్పి నేను లోపలికి వెళ్లాను.

శివలీల గుంటలో కూర్చుని నేస్తోంది. గట్టు మీద కూర్చున్నాను. వార్త చెప్పినట్టే చెప్పాను, ఏ రోజు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు. బస్సులో తీసుకెళ్లిన నాలుగో రీలు గురించి చెప్పాను. శివజ్యోతి చెప్పింది కూడా చెప్పాను. ఆమె చేతిలోని నాడె పోగుల మధ్య నాలుగైదు సార్లు అటూ ఇటూ తిరిగింది. తర్వాత ఆగిపోయింది.

"అంటే, ఆ యమ్మను అడిగింటే?"

"రెండు నిమిషాలు."

"రెండు నిమిషాలు," అంది. కాళ్ల కింద తొక్కే పావుచెక్క వైపు చూస్తూ ఇంకోసారి అంది.

ఏడవలేదు. తిట్టలేదు. ముక్కలు చూపించమని అడిగింది. కో–2 ముక్కను కిటికీ వెలుగుకు పెట్టి, నేను తెచ్చిన భూతద్దంతో పోగులు లెక్కపెట్టింది. పదిహేడు దాకా వచ్చింది. వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ పదిహేడే. అంచుకు తొంభై పైన పోగులు ఉండేవట.

"కళ్లు పోగొట్టుకునేదానికి తప్ప దేనికీ పనికి రావు సార్ ఇవి."

అమ్మకు కూడా చెబుతానని లేచాను. ఆమె గుంటలో నుంచే కూర్చోమంది.

"అమ్మకు చెప్పొద్దు. నీళ్లు తీస్కపోయినాయని వీధంతా చెప్పుకునింది. నీళ్ల మీద ఎవురికీ కోపముండదు. మనిషని తెలిస్తే ఆ కోపం ఈ వయసులో యాడ పెట్టుకుంటాది?"

నాకు చెప్పాలని ఉందన్నాను.

"తెలుసు. చెప్పేస్తే మీకు తేలికైతాది. వద్దు."

ఆమె మాట నిజం. చెప్పి, తిట్టించుకుని, మూడు గంటల బస్సుకు వెళ్లిపోదామని వచ్చాను.

చౌడమ్మ గోడ పట్టుకుని లోపలికి వచ్చింది. రీలు తెచ్చినానంటివి కదప్పా, పోయిందైనా ఇయ్యి అని చెయ్యి చాచింది. చేతికి అందిన ముక్క తీసి ఇచ్చాను. రెండు కొసలూ పట్టుకుని, నిటారుగా లాగి, వాకిలి వెలుగు వైపు తిప్పింది. చాలాసేపు అలాగే పట్టుకుంది.

"నాకు తెల్లగా అగపడతాండాది, అంతే. మీ ఇద్దరిలో ఎవరో ఒకరు చెప్పండి. ఆయప్ప ఉండాడా దీంట్లో, అంతా పోయిందా?"

నేను శివలీల వైపు చూశాను. ఆమె నా వైపే చూస్తోంది.

"చెప్పండి సార్. తీసింది మీరే కదా."

"ఉన్నాడమ్మా," అన్నాను.

"మగ్గం మీదనా?"

"మగ్గం మీదే. నాడె చేతిలో ఉంది. తల వంచుకుని ఉన్నాడు."

"వంచుకునే ఉంటాడు. కూడు తిననీక పిలిచినా ఎత్తడు."

శివలీల మళ్లీ నాడె అందుకుంది. ముసలామె ఆ ముక్కను పైటతో తుడిచి, గోడ వెంబడి నడుచుకుంటూ పోయి దేవుని గూట్లో పెట్టింది. తడుముకుని కుంకుమ భరిణ తీసి దానికి బొట్టు పెట్టింది. నాకు కూడా పెట్టబోతే తల వంచాను.

ఆ ముక్క కో–1లోది, పంతొమ్మిదో ఫొటో నుంచి ఇరవై నాలుగో ఫొటో దాకా. ఏసుకుమార్ లైట్ టేబుల్ మీద భూతద్దం పెట్టి నాలుగుసార్లు చూశాను. అందులో ఏమీ లేదు.